మంచునేలపై కుక్క

చలికాలపు రాత్రులలో తెలుగు పల్లెల కుక్కలు పొయ్యిలోని వెచ్చని బూడిదను వెదకికొని ముడుచుకొని పండుకొనును. తెల్లవారి ఎండ రాగానే వాటి చలి తీరిపోవును. కాని భూమి ఉత్తరభాగమున నెలల తరబడి నేలయంతయు మంచుతో కప్పబడియుండు ప్రదేశములు కలవు. అలాస్కా, సైబీరియా, ఉత్తర కెనడా మొదలగు చోట్ల చలి శూన్యమునకు దిగువ 40 డిగ్రీల వరకు పోవుచుండును. అచ్చట కూడ మనుష్యుడు కుక్కను పెంచుచున్నాడు. ప్రతిదినము దానిని బయటికి తీసికొని పోవుచున్నాడు. ప్రయాణములందు దాని సాయమును పొందుచున్నాడు. ఒడలినిండ బొచ్చు కలదు గదా, కుక్కను చలి యేమి చేయునని పలువురు తలంతురు. ఈ తలంపు సగము మాత్రమే నిజము.

మొదట నిజమైన సగమును చూడవలెను. శీతల ప్రదేశముల కుక్కకు ప్రకృతి రెండు పొరల బొచ్చు నొసగినది. పైపొర వెండ్రుకలు నిడుపుగను బిరుసుగను ఉండి మంచును, గాలిని అడ్డగించును. లోపలి పొర ఉన్నివలె మెత్తగా, దట్టముగా ఉండి, తనలో గాలిని నిలుపుకొని ఒంటివేడిని బయటికి పోనీయదు. అందుచేత అట్టి కుక్క వీపుపై పడిన మంచు చాలసేపు కరగక నిలిచియుండును. నిద్రించునప్పుడు అది చుట్టచుట్టుకొని, కుచ్చువంటి తోకతో ముక్కును కప్పుకొనును.

మరి మంచును నేరుగా తాకుచుండు అరికాళ్ళ సంగతి యేమి? ఈ ప్రశ్నకు 2011లో జపాను శాస్త్రజ్ఞులు సమాధానము చూపిరి. కుక్క పాదములోనికి వెచ్చని రక్తమును తెచ్చు ధమనుల చుట్టు సన్నని సిరలు వలవలె అల్లుకొనియున్నవి. వచ్చుచున్న వెచ్చని రక్తము, మరలిపోవుచున్న చల్లని రక్తమునకు తన వేడిమి నిచ్చును. కాబట్టి పాదమున చల్లబడిన రక్తము మరల వెచ్చబడియే శరీరమునకు చేరును. ఒంటివేడి నేలపాలు కాకుండుటకు ఇంతకంటె చక్కని ఏర్పాటు ఉండదు.

అయినను ఈ ఏర్పాటులకు హద్దు కలదు. చెవుల కొనలు, తోక కొన, పొట్టక్రింద వెండ్రుకలు లేని చర్మము చలికి సులభముగా దెబ్బతినును. ఈ సంగతిని మరచినచో ఏమి జరుగునో 1925లో అలాస్కాలో జరిగిన ఒక ప్రయాణము తెలుపును.

ఆ సంవత్సరము జనవరి నెలలో, పడమటి తీరమందలి నోమ్ అను చిన్న పట్టణమున కంఠసర్పి అనబడు డిఫ్తీరియా వ్యాధి వ్యాపించి పిల్లల ప్రాణములను తీయసాగెను. మందు నెనానా వరకు రైలులో వచ్చెను. అచ్చటినుండి నోమ్‌నకు 674 మైళ్ళు. సముద్రము గడ్డకట్టియుండుటచే ఓడలు రావు. అప్పుడు 20 మంది బండివాండ్రు, దాదాపు 150 కుక్కలు, చక్రములు లేని జారుబండ్లపై ఆ మందును ఒకరి చేతినుండి ఒకరు అందుకొనుచు, ఐదున్నర దినములలో ఫిబ్రవరి 2వ తేదీన నోమ్ చేర్చిరి.

వారిలో చార్లీ ఎవాన్స్ ఒకడు. అతని బండికి ముందు నడచిన కుక్కలు రెండును పొట్టి బొచ్చు కలవి. తీవ్రమైన చలిలో అట్టి కుక్కల తొడల నడుమ కుందేలు చర్మమును కట్టుట బండివాండ్ర ఆచారము. ఆ దినమున ఎవాన్స్ దానిని మరచెను. చలి ఫారన్‌హీట్ మానమున శూన్యమునకు దిగువ సుమారు 60 డిగ్రీలు. త్రోవలో ఆ రెండు కుక్కలును కూలిపోయినవి. ఎవాన్స్ వాటి స్థానమున తానే నిలిచి బండిని లాగెనని చెప్పుదురు. మందు చేరవలసిన చోటికి చేరెను. కాని ఆ కుక్కలు బ్రతుకలేదు. చిన్న తోలుముక్క ఎంత పని చేయునో దీనివలన తెలియుచున్నది.

అందుచేతనే చలిదేశముల ప్రజలు కుక్కను నడిపించుటలో కొన్ని జాగ్రత్తలు పాటింతురు. పొట్టి బొచ్చు కుక్కలకు, చిన్నపిల్లలకు, ముసలివానికి వీపును, రొమ్మును కప్పునట్టి ఉన్నికోటు తొడుగుదురు. అది తడిసినచో వెంటనే తీసివేయుదురు. తడికోటు చలిని పెంచునే గాని తగ్గింపదు. చలి తీవ్రముగా ఉన్న దినమున ఒక పెద్ద నడకకు మారుగా రెండు మూడు చిన్న నడకలు నడిపింతురు. చెరువు గడ్డకట్టినట్లు కనబడినను పలుచని మంచు పగులవచ్చును గనుక కుక్కను త్రాటితో పట్టుకొనియే పోవుదురు.

అన్నిటికంటె ముఖ్యమైనది పాదరక్షణము. వ్రేళ్ళ నడుమ వెండ్రుకలకు అంటిన మంచు గోలీలవలె గట్టిపడి, షూలో రాయి వలె నొప్పించును. కావున ఆ వెండ్రుకలను కత్తిరింతురు. పాదములకు మైనము రాయుదురు, లేక గుడ్డ మేజోళ్ళు తొడుగుదురు. నగరములలో మంచు కరగుటకు వీధులపై ఉప్పు చల్లుదురు. అది పాదములను మండించును. కుక్క పాదములను నాకినచో కడుపులోనికి పోవును. అందువలన ఇంటికి రాగానే గోరువెచ్చని నీటితో కాళ్ళు కడిగి, పొడిగా తుడుతురు. మోటారుబండ్లలో నీరు గడ్డకట్టకుండుటకు పోయు ద్రవము తియ్యగా ఉండును గాని విషము. కొంచెము నాకినను మూత్రపిండములు చెడిపోవును.

కుక్క కాలెత్తి నిలబడినను, వణకినను, నడువక మొండికేసినను అది అల్లరి కాదు. చలి మితిమీరినదని చెప్పుటయే. గడ్డకట్టిన చెవిని గాని పాదమును గాని రుద్దరాదు. నిప్పు చెంత పెట్టరాదు. పొడిబట్టలో చుట్టి మెల్లగా వెచ్చచేసి వైద్యునికి చూపవలెను.

1973 నుండి ఆంకరేజి, నోమ్ పట్టణముల నడుమ ఇడిటరాడ్ అను జారుబండ్ల పందెము జరుగుచున్నది. పరుగెత్తు కుక్క ఒక్కొక్కదినమున 10,000 కేలరీల ఆహారమును తినగలదు. ప్రతి కుక్కకు ఎనిమిది మేజోళ్ళు ఉండితీరవలెనని నియమము. త్రోవలో పశువైద్యులు కుక్కలను పరీక్షింతురు. విడిదికి చేరిన బండివాడు ముందు కుక్కలకు గడ్డి పరచి, మేత పెట్టి, పాదములు చూచిన పిదపనే తన ఆకలి సంగతి తలచును. ఇన్ని జాగ్రత్తల నడుమను కొన్ని కుక్కలు మరణించిన సందర్భములు కలవు.

మంచులో పుట్టి పెరిగిన కుక్కకే ఇంత సంరక్షణ కావలసియుండగా, తక్కినవాటి సంగతి చెప్పనేల? ప్రకృతి ఇచ్చిన బొచ్చు సగము రక్షణ. పెంచువాని శ్రద్ధ మిగిలిన సగము. నోరులేని ఆ జీవి తన చలిని చెప్పుకొనలేదు. దానిని గుర్తించుట మనుష్యుని ధర్మము.