గేరు న్యూట్రల్‌లో పడకపోతే...



మోటారు సైకిల్ నడిపేవారిని తరచూ విసిగించే సమస్య ఒకటుంది. సిగ్నల్ దగ్గర బండి ఆగుతుంది, గేరు మాత్రం న్యూట్రల్‌లో పడదు. పైకెత్తితే రెండో గేరు, కిందికి నొక్కితే మొదటి గేరు. క్లచ్ పట్టుకునే నిలబడాల్సి వస్తుంది. అప్పుడు చేయి జారినా, క్లచ్ వైరు తెగినా బండి ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. చాలామంది దీన్ని గేర్‌బాక్స్ లోపమనుకుంటారు. కానీ ముందుగా చూడవలసింది క్లచ్‌ను. ఎందుకో ఈ పాఠంలో తెలుసుకుందాం.

న్యూట్రల్ ఎక్కడ ఉంటుంది?

మన దేశంలో చాలా బళ్లలో న్యూట్రల్ మొదటి, రెండో గేర్ల మధ్య ఉంటుంది. గేర్లను నిలిపే నక్షత్రాకారపు చక్రంలో ప్రతి గేరుకూ లోతైన గాడి, న్యూట్రల్‌కు మాత్రం తక్కువ లోతు గాడి ఉంటాయి. అందుకే కాలితో బలంగా తంతే న్యూట్రల్ దాటిపోతుంది.

ఎందుకు బిగుసుకుంటుంది?

గేరు పడినప్పుడు పక్కపక్క గేర్ల పళ్లు ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి. క్లచ్ నొక్కగానే క్లచ్ ప్లేట్లు పూర్తిగా విడిపోవాలి. విడిపోకపోతే ఇంజన్ శక్తి కొంత గేర్‌బాక్స్‌కు చేరుతూనే ఉంటుంది. బ్రేకు వేసి ఉన్నందున చక్రం తిరగదు. రెండు వైపుల ఒత్తిడితో ఆ పళ్లు బిగుసుకుంటాయి.

లోపాన్ని గుర్తించడం

ఇంజన్ ఆపి, బండిని కాస్త ముందుకూ వెనక్కూ కదుపుతూ గేరు మార్చండి. న్యూట్రల్ తేలిగ్గా పడి, ఇంజన్ నడుస్తున్నప్పుడే మొరాయిస్తే లోపం క్లచ్ వైపు ఉందని అర్థం. ఇంజన్ ఆపినా పడకపోతే గేరు మార్చే భాగాలను మెకానిక్‌కు చూపించాలి.

సవరించే క్రమం

1. క్లచ్ లీవర్ కొన దగ్గర ఆట కొలవండి. చాలా బళ్లకు ఇది 10 నుంచి 20 మిల్లీమీటర్లు. మీ బండితో వచ్చిన పుస్తకంలోని కొలతే ప్రమాణం. ఆట ఎక్కువైతే లాక్‌నట్ వదులు చేసి, అడ్జస్టర్‌ను బయటికి తిప్పి, మళ్లీ నట్ బిగించండి. ఆట పూర్తిగా పోకూడదు. పోతే క్లచ్ జారి ప్లేట్లు కాలిపోతాయి.

2. వైరు పోగులు తెగి ఉంటే కొత్తది వేయించండి.

3. ఇంజన్ ఆయిల్ మార్చే గడువు చూడండి. చాలా బళ్లలో క్లచ్ ఈ ఆయిల్‌లోనే తిరుగుతుంది. ఆయిల్ పాడైతే ప్లేట్లు అంటుకుంటాయి. కంపెనీ చెప్పిన గ్రేడే వాడండి.

4. ఐడ్లింగ్ వేగం ఎక్కువగా ఉందేమో గమనించండి. కార్బ్యురేటర్ బళ్లలో స్క్రూతో తగ్గించవచ్చు. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్-6 నిబంధనలు అమలులోకి వచ్చాక ఎక్కువ బళ్లకు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. వాటి పని సర్వీసు సెంటర్‌కే వదలండి.

ఇవన్నీ చేసినా ఫలితం లేకపోతే క్లచ్ ప్లేట్లు విప్పి చూడాలి.

నడిపేటప్పుడు

బండి పూర్తిగా ఆగకముందే, నెమ్మదిగా కదులుతుండగా రెండో గేరు నుంచి కాలివేలితో తేలిగ్గా నొక్కండి. ఆగిపోయాక పడకపోతే క్లచ్ పట్టుకునే బండిని అంగుళం ముందుకో వెనక్కో కదపండి. బిగుసుకున్న పళ్లు వదులవుతాయి. పచ్చదీపం వెలిగితే క్లచ్ మెల్లగా వదలండి.

గేరు మొరాయించినప్పుడు కాలి బలం పెంచకండి. ముందు క్లచ్ ఆట చూడండి. ఆ ఒక్క అలవాటు మీ ప్రాణానికీ, గేర్‌బాక్స్‌కూ రక్షణ.