క్లస్టర్ అన్నీ చూసుకుంటుందా?

కర్నూలు నగరంలో కలిసిపోయిన కల్లూరులో ఏ కాలేజీ అయినా తన పాఠాల సైటును, అంటే మూడుల్ లాంటిదాన్ని, సొంత సర్వర్ల మీద పెట్టుకోవాలనుకుందనుకోండి. మొదట వినబడే సలహాలు రెండు. "కుబర్నెటీస్ పెట్టేయండి, ఇక అన్నీ అదే చూసుకుంటుంది" అంటారు ఒకరు. "అది గూగుల్ లాంటివాళ్లకి, మనకెందుకు?" అంటారు ఇంకొకరు. రెండూ నమ్మదగ్గవి కావు. మొదటిది మరీ ప్రమాదం.

అపోహ: కంటైనర్ క్లస్టర్లు పెద్ద కంపెనీలకే.

కంటైనర్లను (ప్రోగ్రామ్‌ల పెట్టెలను) పలు మెషీన్ల గుంపు, అంటే క్లస్టర్, మీద నడిపే కుబర్నెటీస్ గూగుల్‌లో పుట్టిన మాట నిజమే. తన లోపలి వ్యవస్థ బోర్గ్ నడిపిన అనుభవంతో ఆ సంస్థ 2014లో దీన్ని బయటపెట్టింది, 2015లో 1.0 వచ్చింది. అయితే 2019లో రాంచర్ సంస్థ కె3ఎస్ అనే తేలిక రూపం తెచ్చింది. అదంతా 100 ఎంబీ లోపు ఉండే ఒకే ఫైలు. రాస్ప్‌బెర్రీ పై మీద కూడా నడుస్తుంది. మరోవైపు, 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ క్లౌడ్ అద్దెకు తీసుకోలేదు. తన సొంత సర్వర్ల మీదే కుబర్నెటీస్ నడుపుకుంటోంది.

చేయగలగడం వేరు, అవసరం వేరు. కొన్ని వందల మంది వాడే ఒకే ఒక్క సైటుకు మంచి మెషీన్ ఒకటి, డాకర్ కంపోజ్ ఫైలు ఒకటి సరిపోతాయి. సైట్లు పెరిగి, ఒక మెషీన్ ఆగినా పని ఆగకూడదనుకున్నప్పుడే క్లస్టర్ వైపు చూడాలి.

అపోహ: క్లస్టర్‌లో పెడితే డేటా పోదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పాడ్ (కంటైనర్ నడిచే గూడు) పడిపోతే క్లస్టర్ దాని స్థానంలో ఇంకొకటి లేపుతుంది. అది కొత్త పాడ్, పాతది కాదు. పాత కంటైనర్ లోపల రాసినదంతా దానితోనే పోతుంది. ఒక విద్యార్థి రాత్రి అసైన్‌మెంట్ అప్‌లోడ్ చేశాడు, తెల్లారేలోగా పాడ్ మారింది. 'కుబ్‌సీటీఎల్ గెట్ పాడ్స్' కొట్టి చూస్తే 'రన్నింగ్' అనే కనిపిస్తుంది. సైటూ తెరుచుకుంటుంది. ఫైలు మాత్రం ఉండదు.

అందుకే పాడ్ పోయినా నిలిచే స్టోరేజీ, అంటే పర్సిస్టెంట్ వాల్యూమ్, కావాలి. దాంట్లోనూ రెండు చిక్కులున్నాయి. కె3ఎస్ మామూలుగా ఇచ్చే లోకల్-పాత్ స్టోరేజీ ఆ ఒక్క నోడ్ (క్లస్టర్‌లోని మెషీన్) డిస్కు మీదే ఉంటుంది. ఆ నోడ్ పోతే పక్క నోడ్‌కు ఆ డేటా అందదు. రెండోది, ఇలా తనంతట తాను తయారయ్యే వాల్యూమ్‌ల రీక్లెయిమ్ పాలసీ సాధారణంగా 'డిలీట్' అని ఉంటుంది. క్లెయిమ్ (వాల్యూమ్ కావాలని అడిగే అభ్యర్థన) తీసేస్తే వెనకున్న డేటా కూడా తుడిచిపెట్టుకుపోతుంది. దాన్ని ముందే 'రిటైన్' చేసుకోవాలి.

డేటాబేస్‌కు రెప్లికాలు (వెంటవెంటనే తాజా అయ్యే నకళ్లు) ఉన్నాయి కదా అనొచ్చు. తప్పుడు డిలీట్ ఆదేశం రెప్లికాలన్నిటికీ క్షణాల్లో పాకుతుంది, కాబట్టి రెప్లికా బ్యాకప్ కాదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ పొరపాటున వేరే సర్వర్‌లో ఆదేశం కొట్టడంతో దాదాపు 300 జీబీ డేటా చెరిగిపోయింది. తీరా చూస్తే వాళ్ల బ్యాకప్ పద్ధతులు చాలావరకు పనిచేయడంలేదు. ఆరు గంటల ముందు తీసిన ఒక కాపీ కాపాడింది.

బ్యాకప్ ఎక్కడ పెట్టామన్నదీ ముఖ్యమే. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్ తగలబడినప్పుడు, బ్యాకప్‌లు కూడా అక్కడే పెట్టుకున్న కొందరు అన్నీ పోగొట్టుకున్నారు. కర్నూలుకు నిప్పు కంటే నీళ్ల జ్ఞాపకమే ఎక్కువ. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ పొంగి నగరం మునిగింది. కరువు సీమలో వరదేమిటని ఎవరూ అనుకోవడానికి వీల్లేదు. అలాంటి నీళ్లొస్తే కింది అంతస్తులోని నోడ్‌లు ఎన్ని ఉన్నా ఒకేసారి మునుగుతాయి. ఒక కాపీ వేరే ఊళ్లో ఉండి తీరాలి.

అపోహ: రెండు సర్వర్లుంటే ఒకటి పోయినా ఫర్వాలేదు.

క్లస్టర్ జ్ఞాపకం ఎట్‌సీడీలో ఉంటుంది, అది మెజారిటీ లెక్కతో నడుస్తుంది. ఇద్దరిలో మెజారిటీ అంటే ఇద్దరూ. ఒకటి ఆగితే ఉన్న పాడ్‌లు నడుస్తాయి గానీ కొత్త ఆదేశం ఏదీ అమలు కాదు. మూడుంటే ఒకటి, అయిదుంటే రెండు పోయినా తట్టుకుంటుంది. ఆ మూడూ ఒకే యూపీఎస్‌కు తగిలించి ఉంటే మాత్రం కరెంటు పోయిన రోజు ఆ లెక్క పనికిరాదు.

అపోహ: 'సీక్రెట్'లో పెట్టిన పాస్‌వర్డ్ భద్రం.

అది బేస్64లో రాసి ఉంటుంది, అంతే. దాన్ని తెరవగలిగినవారెవరైనా ఒక్క ఆదేశంతో చదవగలరు. ఎన్‌క్రిప్షన్‌ను విడిగా ఆన్ చేసుకోవాలి. అయితే అసలు తలుపే తెరిచి ఉంటే అదీ సరిపోదు. 2018లో పాస్‌వర్డ్ లేకుండా తెరిచి ఉన్న కుబర్నెటీస్ కన్సోల్ ద్వారా దొంగలు టెస్లా క్లౌడ్‌లోకి చొరబడి క్రిప్టో మైనింగ్ చేసుకున్నారు.

కల్లూరులోనైనా కడపలోనైనా సొంత సర్వర్ నడుపుతున్నవాళ్లు ఈ నెలలోనే ఒక పని చేయండి. బ్యాకప్‌ను వేరే మెషీన్ మీదికి రీస్టోర్ చేసి, మామూలు ఖాతాతో లాగిన్ అయి, పోయిన నెల అప్‌లోడ్ చేసిన ఫైలు తెరుచుకుంటుందేమో చూడండి. తెరుచుకోకపోతే కొత్త నోడ్ కొనే డబ్బును ముందు దీనికి పెట్టండి.