కిటికీ పిడి

కన్నడమున తలుపు గడియకు అగుళి యని పేరు. సంస్కృతమున అదియే అర్గళము. అడ్డులేక సాగు వాగ్ధారను నిరర్గళమని మనము ప్రతిదినము చెప్పుచునే యుందుము గాని, ఆ మాట వెనుక ఒక తలుపును, దానికి అడ్డముగా వేసి తీయు ఒక మ్రానును ఉన్నవన్న సంగతి మనకు స్ఫురింపదు. ఆంధ్ర కర్ణాటకముల సరిహద్దున, మడకశిరకు ఆవల, ఒకే యింట తెలుగును కన్నడమును కలిసి వినవచ్చు మా అగళి పేరునకును ఈ గడియ పేరునకును గల ధ్వనిసామ్యమును చూపి ఒక వ్యుత్పత్తిని కల్పించుట నా యుద్దేశము కాదు. ఆ సామ్యము చెవికి ఇంపుగా నున్నది, అంతియే. కాని నేను చెప్పబూనినది గడియ కథయే గనుక, ఊరి పేరుతో మొదలిడుట నాకు సమంజసముగా తోచినది.

మా ప్రాంతపు పాత మిద్దె యిండ్లకు గోడలు మూరెడు మందము, కిటికీలు జానెడు వెడల్పు. వెలుతురు ముఖ్యముగా పైకప్పులోని గవాచి గుండ దిగివచ్చెడిది. ఉన్న కిటికీకి రెండు కొయ్య రెక్కలు, నాలుగు ఇనుప కడ్డీలు, ఒక గొళ్ళెము, రెక్క గాలికి కొట్టుకొనకుండ ఒక కొక్కెము ఉండెడివి. గొళ్ళెము విరిగినచో కమ్మరి కొలిమికడకు పోయి విరిగిన ముక్కను చూపిన చాలును. సాయంకాలమునకు దానికి సరియైన క్రొత్తది చేతికి వచ్చెడిది. కొలతను గూర్చిన చింత ఇంటివానికి లేదు, అది కమ్మరి కంటిలోనే యుండెను. నేడు కిటికీ కర్మాగారమునుండి సంపూర్ణముగా తయారై వచ్చుచున్నది. ఆ కంటి బాధ్యత కమ్మరిని విడిచి, మనకు తెలియకయే, మనమీద పడినది.

ఎఱ్ఱమంచి చెంత కియా కార్ల కర్మాగారము 2019లో ఉత్పత్తిని ఆరంభించిన పిమ్మట పెనుకొండ, హిందూపురముల పరిసరములందు క్రొత్త కట్టడములు పెరిగినవి. హిందూపురమునుండి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్ల దూరమే గనుక, అక్కడి గృహనిర్మాణపు అలవాట్లు ఇక్కడికి వచ్చుటకు ఎక్కువ కాలము పట్టదు. 44వ నంబరు జాతీయ రహదారి పొడవున రేయింబవళ్లు సాగు లారీల రొద, జ్యేష్ఠాషాఢములలో రామగిరి కొండలపై గాలిమరలను త్రిప్పునట్టి ఆ పడమటి గాలి, ఆ గాలి మోసుకొనివచ్చు ఎఱ్ఱదుమ్ము, ఈ మూడింటిని ఇంటి వెలుపల నిలుపగోరినవారు యూపీవీసీ చట్రములలో బిగించిన జంట అద్దాల కిటికీలను కోరి పెట్టించుకొనుచున్నారు.

జంట అద్దముల మర్మము అద్దములలో లేదు, వాని నడుమ బంధింపబడిన గాలిలో ఉన్నది. రెండు అద్దముల అంచుల మధ్య సన్నని అల్యూమినియము పట్టీని చుట్టును ఉంచి, ఆ పట్టీ లోపల తేమను పీల్చు గుళికలను నింపి, అంచులను రెండు విధములైన జిగురులతో మూసివేయుదురు. నడుమ 12 మిల్లీమీటర్ల పొడిగాలి నిలిచిపోవును. కదలని గాలి వేడిని మిక్కిలి మందముగా ప్రసరింపజేయును గనుక, లోపలికిని వెలుపలికిని ఒక్క డిగ్రీ తేడా యున్నప్పుడు ఒంటి అద్దము గుండ చదరపు మీటరునకు సుమారు 5.8 వాట్ల వేడి దాటిపోవుచుండగా, జంట అద్దముల గుండ దాటునది సుమారు 2.8 వాట్లు మాత్రమే. 1865లో న్యూయార్కు నగరవాసియైన థామస్ స్టెట్సన్ ఈ యుపాయమునకు పేటెంటు పొందినది చలిదేశపు అవసరముకొరకు. మన యెండను గూర్చి ఒక మాట ఇక్కడ చెప్పక తప్పదు: సూటిగా పడు సూర్యకిరణమును సాదా జంట అద్దము పెద్దగా ఆపలేదు, పడమటి కిటికీకి పైన చక్కని సజ్జ యుండుటయో, అద్దముపై ప్రత్యేకమైన పూత యుండుటయో ఆవశ్యకము.

ఇంతటి యేర్పాటును సార్థకము చేయునది చేతిలో ఇమిడిపోవు ఆ పిడి. కిటికీ మూసి పిడిని త్రిప్పినప్పుడు మనము గడియ వేయుచున్నామని మాత్రమే అనుకొందుము. నిజమునకు పిడి నడుమనుండి రెక్కలోనికి చొచ్చుకొనిపోయిన ఒక చదరపు కడ్డీ లోపలి గేరును త్రిప్పును. ఆ గేరు రెక్క పొడవున దాగియున్న పట్టీని పైకో క్రిందికో జరుపును. పట్టీమీది బొడిపెలు చట్రమునకు బిగించిన పట్టులలో చిక్కుకొని, రెక్కను చుట్టునున్న నల్లని రబ్బరు గ్యాస్కెట్టుమీదికి అదిమిపట్టును. ఆ అదుము సరిగా లేనిచో, సన్నని సందుగుండ దుమ్మును, రొదయు లోపలికి వచ్చును, గాలి యీలలు వేయును. వేలకు వేలు పోసి కొన్న రెండవ అద్దము అక్కరకు రాకుండ పోవును.

మా యింటి పడమటి గదిలోని కిటికీకి జరిగినది ఇదియే. ఆషాఢమున ఒకనాడు మా అమ్మాయి మూయుచుండగా పిడి మెడకడ విరిగి చేతికి వచ్చెను. నేను దానిని ఫోనులో బొమ్మ తీసికొని, హిందూపురములో ఒక అంగడికి పోయి, అచ్చముగా అట్లే కనబడుచున్న తెల్లని పిడిని కొనితెచ్చితిని. ఇంట బిగింపబోగా, దాని పీఠము రెక్కకు ఆనక, అరసెంటీమీటరు ఎడముగా నిలిచిపోయెను. స్క్రూలను గట్టిగా బిగించినచో ఆనునేమో యని ప్రయత్నించుచుండగా, ప్రక్కయింట కిటికీలు బిగించుచున్న కుఱ్ఱవాడు వచ్చి చూచి, "అట్ల బిగిస్తే లోపల గేరు పోతుందన్నా. పిడి కాదు, కడ్డీ కొల్చుకోని పోండన్నా" అని నా చేతిని ఆపెను. ఆ ఒక్క మాటలో ఈ విద్య యంతయు ఉన్నది.

కావున కొలత యెట్లు తీయవలెనో వివరముగా చెప్పెదను. కిటికీని మూసియుంచియే పని ప్రారంభించుట మేలు. తెరచిన రెక్క గాలికి కొట్టుకొన్నచో ప్రమాదము. పిడిని అడ్డముగా త్రిప్పినచో, లేదా పీఠముపై నున్న చిన్న ప్లాస్టిక్ మూతను గోటితో ఎత్తినచో, పైన ఒకటియు క్రింద ఒకటియు రెండు స్క్రూలు కనబడును. వానిని విప్పి పిడిని సూటిగా మనవైపునకు లాగిన చాలును, చదరపు కడ్డీతో సహా వెలుపలికి వచ్చును. ఆ కడ్డీ మందము చాలవరకు ఏ కంపెనీదైనను 7 మిల్లీమీటర్లే. రెండు స్క్రూల రంధ్రముల నడుమ దూరము, ఒక రంధ్రపు మధ్యబిందువునుండి మరియొకదాని మధ్యబిందువునకు, సాధారణముగా 43 మిల్లీమీటర్లు. ఈ రెండింటియందును తేడా అరుదుగా వచ్చును గనుక త్వరగా సరిచూచి ముందునకు పోవచ్చును. మనలను మోసపుచ్చునది మూడవ కొలత, కడ్డీ పొడవు. పీఠపు అడుగుభాగమునుండి కడ్డీ కొనవరకు ఎన్ని మిల్లీమీటర్లు పొడుచుకొనివచ్చినదో స్కేలుతో కొలువవలెను. చట్రపు మందమును బట్టి ఇది 30 కావచ్చు, 35 కావచ్చు, 40 కావచ్చు, అంతకు హెచ్చుతగ్గులును కావచ్చు. పిడి లోపలి గుంటలోనుండి కడ్డీని ఊడదీసి మొత్తము పొడవును కొలిచినవారు తప్పుడు సంఖ్యను పట్టుకొని అంగడికి పోవుదురు. వెలుపల కనబడు పొడవే మనకు ప్రధానము.

ఈ పొడవు మించినచో పిడి నాకైనట్లు ఎడముగా నిలుచును. తగ్గినచో అంతకంటెను చెడ్డది: కడ్డీ కొన గేరు రంధ్రములో అంచుమాత్రమే తగిలి, కొన్నాళ్లు తిరిగి, ఆ రంధ్రపు మూలలను అరగదీసి, పిమ్మట వృథాగా గిరగిర తిరుగును, అప్పుడు పిడితోపాటు గేరును కూడ మార్చవలసి వచ్చును. పొడవైన కడ్డీని ఆకురాయితో అరగదీయవచ్చును, రంపముతో కోయవచ్చును; పొట్టిదానిని పొడిగించు వెరవు లేదు. సందేహము కలిగినప్పుడు పొడవైనదానినే తెచ్చుకొనుడని నా సలహా. ధర్మవరపు మగ్గముల నెఱిగినవారికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు: నాడెలో పట్టని కండె ఎంతటి మేలి పట్టుతో చుట్టినదైనను నేతగానికి అక్కరకు రాదు.

మరియొక చిక్కు కుడి యెడమలది. కొన్ని పిడులు పీఠమునకు నేరుగా నిలిచియుండును. అవి ఏ వైపు కిటికీకైనను సరిపోవును. కొన్ని చేతికి అనువుగా ఒక ప్రక్కకు వంగియుండును. వానికి కుడిది వేరు, ఎడమది వేరు. ఇంటిలోపల నిలుచుండి కిటికీని చూచుచు, బందులు ఏ వైపున నున్నవో, పిడి ఏ వైపునకు వంగినదో ఒక కాగితముమీద గీసికొని పోయినచో పొరపాటునకు తావుండదు.

అన్ని కిటికీలలోను చదరపు కడ్డీ యుండదు. పాత తరహా వానిలో పిడికి కోడిపుంజు కాలి ముల్లువంటి ముక్కు ఒకటి ఉండి, అది చట్రము మీది చిన్న దిమ్మపై ఎక్కి రెక్కను పట్టియుంచును. దీనిని కాక్‌స్పర్ పిడి యందురు. ఇక్కడ కొలువవలసినది పీఠపు అడుగునుండి ముక్కు క్రింది అంచువరకు గల ఎత్తు. అది 9 మొదలు 21 మిల్లీమీటర్ల దాక పలువిధములుగా నుండును. రెండు మిల్లీమీటర్లు హెచ్చినను రెక్క వదులై గాలికి టకటకలాడును. తగ్గినచో ముక్కు దిమ్మపై ఎక్కనే ఎక్కదు. పిడి క్రిందికి ఉన్నప్పుడు మూసికొని, అడ్డముగా ఉన్నప్పుడు తలుపువలె తెరచుకొని, పైకి ఉన్నప్పుడు పైభాగము మాత్రము లోనికి వాలు కిటికీలు మరియొక జాతి. వానికి ఆ మూడు స్థానములలోను ఆగునట్టి పిడియే కావలెను. మన యిండ్లలో మిక్కిలిగా కనబడు జారుడు కిటికీలకైతే తరచుగా ఇట్టి పిడి యుండదు. అర్ధచంద్రాకారపు కొక్కెమో, నొక్కిన మూసికొను తాళమో ఉండును. వానికి స్క్రూల దూరమును, కొక్కెపు పొడవును కొలిచిన చాలును.

పిడి ఏల విరిగెనను ప్రశ్న వేసికొనక క్రొత్తది కొనుట, జ్వరమును విడిచి చెమటను తుడుచుటవంటిది. పిడి విరుగుటకు ముందు కొన్ని నెలలుగా త్రిప్పుట కష్టమగుచు వచ్చినదా? అట్లైన తప్పు లోపలనున్నది. మా కిటికీ పట్టీలో ఎన్నియో యేండ్ల ఎఱ్ఱదుమ్ము పేరుకొని గట్టిపడియుండెను. పొడి కుంచెతో దులిపి, కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసి, పిడి లేకయే గేరును స్క్రూడ్రైవరుతో మెల్లగా త్రిప్పి చూడగా, క్రమముగా సులువైనది. బందులు వదులై రెక్క క్రిందికి వాలినను బొడిపెలు పట్టులకు తగిలి పిడి బిగుసుకొనును. అప్పుడు రెక్కను సరిచేయుట పనివాని వంతు. బిగుసుకొన్న గేరుమీద ఎంత దృఢమైన పిడిని బిగించినను దాని మెడయు విరుగకమానదు.

లోహమును గూర్చి కొంత. చౌకయైన పిడులలో చాలవరకు జింకు మిశ్రమమును అచ్చుపోసి పైన రంగు పూసినవే. అచ్చు బాగుగా కుదిరినది చిరకాలము నిలుచును. లోపల గాలిబుడగలు మిగిలినది అకస్మాత్తుగా పుటుక్కుమనును. చేతిలో తూచి చూచినచో బోలుతనము కొంతవరకు తెలియును. అల్యూమినియము తేలికయై తుప్పెరుగనిది. ఉక్కులో స్టెయిన్‌లెస్ రకము అన్నిటికంటె గట్టిది, వెలయు నట్లే యుండును. పూర్తిగా ప్లాస్టిక్‌తో చేసినదానిని పడమటి యెండకు పెట్టవద్దని నేను గట్టిగా చెప్పుదును. కొన్ని వేసవులకే అది పెళుసెక్కును. స్క్రూలను కూడ క్రొత్తవి అడిగి తీసికొనవలెను, ఏలయన పాతవాని తలలు విప్పునప్పుడే చెడియుండును.

తాళముతో కూడిన పిడి మేడపై గదులలో చిన్నపిల్లలున్న యింటికి అవసరమైనది. కాని తాళము వేసి చెవిని బీరువాలో దాచుకొనువారిని చూచినప్పుడు నాకు గుండె గుభిల్లుమనును. నిప్పంటుకొన్న గదిలో కిటికీయే దారి కావచ్చును. చెవి పిల్లలకు అందనంత ఎత్తున, పెద్దలకు చీకటిలోనైనను తడిమిన దొరుకునట్లు, ఆ కిటికీ ప్రక్కనే మేకునకు వ్రేలాడవలెను.

రెండద్దముల నడుమ ఆవిరి కమ్మినచో పిడిని నిందింపరాదు. అది అంచుల జిగురు విడిపోయి, తేమ గుళికలు నిండిపోయినందున కలిగినది. అద్దపు జంటను మాత్రము మార్చిన తీరిపోవును, చట్రమును కదల్చనక్కరలేదు. ఇట్లే పిడి పోయినచో పిడినే, గేరు పోయినచో గేరునే మార్చవచ్చును. ఒక పిడి దొరకలేదని రెక్క మొత్తమును, కొన్నిచోట్ల కిటికీ మొత్తమును పెరికివేయించిన యిండ్లను నేనెఱుగుదును. పెనుకొండ గగనమహలు కమానుల క్రింద నిలిచినప్పుడెల్ల, కట్టినదానిని నిలుపుకొనుట తెలిసిన చేతులు ఈ నేలమీద ఒకప్పుడు ఎన్ని యుండెనో యని తలంచువాడను గనుక, ఆ పెరికివేత నాకు మిక్కిలి బాధ కలిగించును.

మరునాడు నేను విరిగిన పిడిని కడ్డీతో సహా గుడ్డలో చుట్టుకొని మరల హిందూపురమునకు పోయితిని. అంగడివాడు దానిని బల్లమీద పెట్టి, నాలుగైదు పిడులను దాని ప్రక్కన నిలిపి చూచి, కడ్డీ 35 మిల్లీమీటర్లు గలదానిని తీసి యిచ్చెను. ఒకటి చాలునన్నను వినక రెండు తీసికొంటిని. అదే యేట బిగించిన తక్కిన మూడు కిటికీల పిడులకును అంతే వయస్సు గదా. సాయంకాలము బిగించి త్రిప్పగా పీఠము రెక్కకు చక్కగా ఆనెను, రబ్బరు అణగిన మెత్తని సవ్వడి వినబడెను. 35, 43, 7 అను మూడు అంకెలను చట్రపు లోపలి అంచున, రెక్క తెరచినప్పుడు మాత్రమే కనబడుచోట, చెరగని సిరాతో వ్రాసియుంచితిని.