కొన్నది మనదేనా?

మా నాన్నగారి సంవత్సరీకం అయిన మర్నాడు, అన్నదమ్ములం ముగ్గురమూ ఆయన పుస్తకాల బీరువా ముందు కూర్చున్నాం. ఎకరన్నర పొలం పంచుకునేటప్పుడు రాని పేచీ ఆ బీరువా దగ్గర వచ్చింది. శబ్దరత్నాకరం నాకంటే నాకని మా పెద్దన్నయ్యా నేనూ పట్టుపట్టాం. వంటింట్లోంచి మా అమ్మ వచ్చి, "తెలుగు చెప్పుకుని బతికేవాడు వాడు. వాడికిచ్చెయ్యండిరా" అని తీర్పు చెప్పింది. అట్ట వూడిపోయిన ఆ పుస్తకం ఇప్పుడు నా బల్లమీద వుంది.

మొన్న ఆదివారం మా అమ్మాయి ఆ బీరువా దులుపుతూ, "నాన్నా, ఇవన్నీ నాకేగా?" అన్నది.

"నీకు కాక ఎవరికమ్మా?"

"మరి నీ పలకలో వున్నవో?"

పలక అంటే, నేను రాత్రిళ్ళు చదువుకునే ఎలక్ట్రానిక్ యంత్రం. పదేళ్ళుగా డబ్బు పోసి కొన్న పుస్తకాలు అందులో రెండు వందల పైచిలుకు వున్నాయి. "అవీ నీకే" అన్నాను ఠీవిగా. అన్నానే గాని, మనసులో ఏదో అనుమానం. కొనేటప్పుడు ఏనాడూ చదవకుండా "సమ్మతమే" అని వేలితో నొక్కేసిన షరతుల పత్రాన్ని ఆ రాత్రి మొదటిసారి చదివాను. దాని సారాంశం ఇది: ఈ పుస్తకాలు మీకు అమ్మలేదు, చదువుకోవడానికి అనుమతి మాత్రం ఇచ్చాము, ఆ అనుమతిని మీరు మరొకరికి ఇవ్వడానికి వీల్లేదు.

అంటే నేను మా అమ్మాయికి ఇవ్వగలిగింది ఉత్త పలక ఒక్కటే నన్నమాట!

ఆచంద్రార్కం

సొత్తు అంటే ఏమిటో మన పూర్వులకు స్పష్టంగా తెలుసు. పాత శాసనాలలో భూమిని ఇచ్చేటప్పుడు నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అని ఎనిమిది భోగాలూ లెక్కపెట్టి మరీ ఇచ్చేవారు. సూర్యచంద్రులున్నంత కాలం అనుభవించమనేవారు. పుత్రపౌత్ర పారంపర్యంగా, దానవిక్రయాది సర్వహక్కులతో అన్న మాటలు మన క్రయ దస్తావేజులలోకీ వచ్చాయి. లేఖరులు అలవాటుకొద్దీ రాసే మాటలని వాటిని తీసిపారెయ్యకండి. సొంతదారు ఎవరో తేల్చే పరీక్ష అందులోనే వుంది. నాదైనదాన్ని నేను ఒకరికి ఇవ్వగలను, అమ్ముకోగలను, బాగుచేయించుకోగలను, పిల్లలకు వదిలి పోగలను. వీటిలో దేనికీ నాకు అమ్మినవాడి సెలవు అక్కర లేదు.

అమ్మినవాడికి మాత్రం, సొమ్ము పుచ్చుకున్నాక కూడా, వస్తువు మీద పెత్తనం వదులుకోబుద్ధి కాదు. అమెరికాలో ఒక ప్రకాశన సంస్థ తన నవలలో, దీనిని ఒక డాలరుకు తక్కువగా అమ్మరాదని అచ్చువేసింది. మేసీస్ అనే పెద్ద దుకాణంవారు దాన్ని లక్ష్యపెట్టక 89 సెంట్లకే అమ్మారు. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయింది. ఒకసారి అమ్మేసిన ప్రతిని తరువాత ఎవరు ఎంతకు అమ్ముకుంటారో శాసించే హక్కు మీకు లేదు పొమ్మని 1908లో కోర్టు చెప్పింది.

అలా కాగితం మీద చెల్లని పెత్తనం ఇప్పుడు యంత్రంలో చెల్లుతున్నది. కారణం తేలికే. కాగితం పుస్తకం అమ్మాక దుకాణందారు చెయ్యి మన ఇంటిదాకా చాచలేడు. ఈ పలకకూ, కంపెనీకీ మధ్య మాత్రం కంటికి కనపడని తీగ ఒకటి ఎప్పుడూ వుంటుంది.

2009 జూలైలో అమెజాన్ కంపెనీ, జార్జి ఆర్వెల్ నవలలు "1984", "యానిమల్ ఫామ్" కొన్న కొందరి కిండిల్ పలకలలోంచి వాటిని చెప్పాపెట్టకుండా తుడిచేసింది. అమ్మకానికి పెట్టినవారికి వాటి మీద హక్కులు లేవట. డబ్బు తిరిగి ఇచ్చారు. కంపెనీ అధిపతి జెఫ్ బెజోస్ క్షమాపణ చెప్పుకున్నాడు. కాని, పాఠం కోసం ఒక విద్యార్థి ఆ పుస్తకంలో రాసుకున్న గుర్తులు పనికిరాకుండా పోయాయి. అతను కోర్టుకెక్కితే కంపెనీ రాజీ చేసుకున్నది. 2019లో మైక్రోసాఫ్ట్ కంపెనీ తన ఎలక్ట్రానిక్ పుస్తకాల దుకాణం మూసింది. దాంతోపాటు జనం కొనుక్కున్న పుస్తకాలు కూడా తెరుచుకోవడం మానేశాయి! అక్కడా డబ్బు వాపసు ఇచ్చారు, నిజమే. కాని బజారులో పుస్తకాల షాపు ఎత్తేస్తే మన ఇంట్లో బీరువా ఖాళీ కావడం ఎక్కడైనా విన్నామా?

ఇలాంటివి చూసి చూసి, 2024లో కాలిఫోర్నియా రాష్ట్రంవారు ఒక చట్టం చేశారు. అనుమతి మాత్రమే ఇస్తూ "కొనండి" అనే మాట వాడదలిస్తే, ఇది అనుమతి మాత్రమే సుమా అని కొనేవారికి స్పష్టంగా చెప్పాలి. 2025 జనవరి 1 నుంచి అది అమలులోకి వచ్చింది.

ఇనుము రైతుది, తాళం కంపెనీది

"పుస్తకాలే గదా, పోనిద్దూ" అనేవారికి ట్రాక్టరు సంగతి చెప్పాలి. ఈనాటి పెద్ద ట్రాక్టర్లలో ఇంజను మొదలు అన్నీ కంప్యూటరు చెప్పినట్టు వింటాయి. జాన్ డీర్ అనే ప్రసిద్ధ ట్రాక్టర్ల కంపెనీ 2015లో అమెరికా కాపీరైటు కార్యాలయం ముందు ఒక వాదం వినిపించింది. రైతు ట్రాక్టరు కొన్నా, దాన్ని నడిపే సాఫ్ట్‌వేరు మీద అతనికి వుండేది వాడుకునే అనుమతి మాత్రమేనట. ఫలితమేమిటంటే, కొన్ని మరమ్మతులు డీలరు దగ్గరుండే సాఫ్ట్‌వేరు లేనిదే పూర్తికావు. పైరు కోతకొచ్చి, ఆకాశం మబ్బుపట్టి, డీలరు మనిషి రెండు రోజులదాకా రాడంటే ఆ రైతు గుండె ఎలా వుంటుందో మనకు వేరే చెప్పాలా? కొలరాడో రాష్ట్రం 2023లో రైతుకు తన యంత్రాన్ని తాను బాగుచేసుకునే హక్కు ఇస్తూ చట్టం చేసింది. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీ మీద దావా వేసింది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పేరుతో ఒక పోర్టల్ తెరిచింది.

కారు నాదే, పని నాది కాదు

వస్తువు సరే, జీవనోపాధి మాటేమిటి? మా వీధి చివర ఒక కుర్రవాడున్నాడు. ఇంటరులో నా దగ్గర తెలుగు చదివినవాడే. అప్పుచేసి కారు కొని, యాప్ ద్వారా అద్దెకు తిప్పుతున్నాడు. ఒకనాటి ఉదయం ఆ యాప్ తెరుచుకోలేదు. ప్రయాణికులెవరో ఫిర్యాదు చేశారట. ఎవరు చేశారో, ఏమని చేశారో చెప్పే నాథుడు లేడు. తొమ్మిది రోజులు కారు గుమ్మం ముందే నిలబడింది. పదో రోజున, ఎందుకు మూసుకుందో తెలియనట్టే, తెరుచుకుంది. "కారు నా పేరునే వుంది మాస్టారూ, అప్పూ నా పేరునే వుంది. పని మాత్రం ఎవరి పేరున వుందో తెలియడం లేదు" అన్నాడు.

మగ్గం నేతగాడిదై, నూలూ అమ్మకమూ మాస్టరు వీవరు చేతిలో వుండే పద్ధతి మనకు కొత్త కాదు. అయితే ఆ మాస్టరు వీవరు సాధారణంగా అదే వూరివాడు. ఆయన అరుగు మీద కూర్చుని కూలి తగ్గించావేమని నిలదీయవచ్చు. ఈ కొత్త యజమానికి అరుగే లేదు!

న్యాయస్థానాలూ, చట్టసభలూ ఇప్పుడిప్పుడే కళ్ళు తెరుస్తున్నాయి. ఊబర్ డ్రైవర్లు వట్టి గుత్తదారులు కారు, కనీస వేతనానికీ సెలవు జీతానికీ అర్హులైన పనివారని 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది. మన దేశంలో 2023లో రాజస్థాన్ ఇలాంటి పనివారి సంక్షేమం కోసం చట్టం చేసింది. 2020 నాటి కేంద్ర సామాజిక భద్రతా స్మృతిలోనూ వీరికి చోటు దొరికింది.

ఇంటివారు అడగవలసినవి

యంత్రాలను ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. కంటి చూపు మందగించిన మా అమ్మ, అక్షరాలు పెద్దవి చేసుకుని ఆ పలక మీదే చదువుకుంటున్నది. ఆ కుర్రవాడికీ స్టాండులో ఎండకు పడిగాపులు పడే బాధ తప్పింది. సౌకర్యానికి అద్దె చెల్లించడంలో తప్పేమీ లేదు. అద్దెను కొనుగోలు అనుకోవడంలోనే వుంది చిక్కంతా.

అందుచేత ఏ కొత్త వస్తువు ఇంట్లోకి తెచ్చుకున్నా మూడు ప్రశ్నలు అడుగుదాం. దీన్ని ఇంకొకరికి ఇవ్వగలనా? చెడిపోతే నాకు నచ్చినచోట బాగుచేయించుకోగలనా? అమ్మిన కంపెనీ రేపు మూతపడితే ఇది పనిచేస్తుందా? మూడింటికీ "లేదు" అని జవాబు వస్తే, అద్దెకు తగ్గ డబ్బే దానికి పెట్టాలి.

మా ఇంట్లో ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఒకసారి చదివి వదిలేసేవి పలకలో, పిల్లకు మిగల్చదలచినవి కాగితం మీద. శబ్దరత్నాకరం మొదటి పేజీలో నాన్నగారి సంతకం కింద నా సంతకం వుంది. నిన్న మా అమ్మాయి దానికింద తన పేరు రాసుకున్నది. ఎవరి అనుమతీ అడగలేదు.