పిల్లికూన: శిక్షా? శిక్షణా?

అమరకోశకారుడు పిల్లికి చెప్పిన పేర్లలో 'మార్జారం' ఒకటి. మనం 'మార్జాలం' అని వాడుతూ ఉన్నదీ ఆ మాటనే. 'మృజ్' అనే ధాతువునుండి పుట్టిన పదమిది. మార్జనమంటే తుడవడం, శుభ్రపరచడం. సమ్మార్జని అంటే చీపురు. తన్ను తాను తుడుచుకునే జంతువు గనుక దానికి ఆ పేరు వచ్చినదని వ్యుత్పత్తికారులు చెబుతారు. 'ఆఖుభుక్కు' అనే మరొక పేరు, ఎలుకను తినేదని, దాని తిండిని చెబితే, మార్జాలమనే పేరు దాని శీలాన్ని చెబుతున్నది. ఇంతటి శుచిగల ప్రాణిని గురించే ఈనాడు ఇండ్లలో తరచుగా ఒక ఫిర్యాదు వినవస్తున్నది: "కూన ముద్దుగానే ఉన్నది గాని, ఇల్లంతా పాడుచేస్తున్నది" అని. పేరుకూ నడతకూ ఈ వైరుధ్యం ఎక్కడ ఏర్పడినదో ఆలోచించవలసి ఉన్నది.

ఈ ఆలోచన చేబ్రోలులో కూర్చుని చేయడంలో ఒక విశేషమున్నది. నేటి చేబ్రోలు ఆనాటి తామ్రపురి. కాకతి గణపతిదేవుని సేనాని జాయప ఏలిన ఊరు. 1213 నాటి ఆయన శాసనం ఇక్కడనే ఉన్నది. జాయపకు నృత్తశాస్త్రంలో ఎంత ప్రజ్ఞయో గజశాస్త్రంలోనూ అంత ప్రజ్ఞ; ఆయన గణపతిదేవునికి గజసాహిణి, అనగా గజబలానికి అధిపతి. అడవిలో తిరిగే ఏనుగును పట్టి తెచ్చి, మావటి మాట వినేటట్టు చేయడానికి ఏండ్ల తరబడి శిక్షణ కావలె. అంకుశమూ కావలె. అటువంటి గజసాహిణి ఏలిన ఊళ్ళో, ఈనాడు గుప్పెడంత పిల్లికూన మన ఇల్లాండ్రను ఓడిస్తున్నదంటే నవ్వు రాకమానదు. కాని ఏనుగుకు లేని సౌకర్యం ఒకటి పిల్లికున్నది. ఏనుగుకు మనం నేర్పవలె. పిల్లి నేర్చుకునే పుట్టినది.

పుట్టిన మొదటి మూడు వారాలూ కూన తనంత తాను మలమూత్రాలను విసర్జించలేదు. తల్లి నాలుకతో నాకి ఆ పని చేయిస్తుంది. నాకి గూటిని పరిశుభ్రంగానూ ఉంచుతుంది. మూడు, నాలుగు వారాలు నిండేసరికి కూనకు స్వయంశక్తి వస్తుంది. దానితోపాటే పొడి మట్టి కనబడితే కాలితో గీకవలెననే బుద్ధీ పుడుతుంది. తల్లిని చూచి కొంత నేర్చుకునే మాట నిజమే. కాని తల్లిని కోల్పోయి మనుషుల చేతిలో సీసాపాలతో పెరిగిన కూనలు సైతం, ఎవ్వరూ చూపకుండానే, ఇసుకను గోకి గుంట చేసి, పని ముగించి, కప్పిపెట్టడం అనుభవజ్ఞులందరికీ తెలిసిన విషయం.

ఈ బుద్ధి దానికి వంశపారంపర్యంగా వచ్చినది. ప్రపంచంలోని పెంపుడు పిల్లులన్నీ పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికాల మరుభూములలో తిరిగే అడవిపిల్లి జాతినుండి వచ్చినవని 2007లో వెలువడిన జన్యుపరిశోధన తేల్చినది. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 సంవత్సరాలనాటి సమాధిలో ఒక మనిషి ప్రక్కనే పిల్లినికూడా పూడ్చిపెట్టిన జాడ దొరికినది. మనిషి ధాన్యం దాచుకోవడం మొదలుపెట్టగానే ఎలుక వచ్చినది. ఎలుక వెనుకనే పిల్లి వచ్చినది. ఇసుకనేలల బిడ్డ గనుక దానికి పొడి రేణువులంటే ఇష్టం. నీరు దొరకని చోట బ్రతికిన జాతి గనుక దాని మూత్రం చిక్కనైనది; అందుచేతనే ఆ వాసన అంత తీక్షణం. తన జాడ శత్రువుల ముక్కుకు అందకుండా ఉండవలెనని దానిని కప్పిపెట్టుకుంటుంది. మనం శుచి అని మెచ్చుకునేదాని మూలంలో ఉన్నది ప్రాణభయమన్నమాట.

అటువంటి కూనకు వెనుకటి మన ఇండ్లలో ఏ లోటూ ఉండేది కాదు. పెంకుటింటి వెనుక పెరడు, పెరటిలో అరటిపాదులు, గోడవారగా పొయ్యి బూడిద పోసిన కుప్ప, ఒక మూల ఇల్లు కట్టగా మిగిలిన ఇసుక. పిల్లి ఎప్పుడు పోయి ఎప్పుడు వచ్చేదో ఎవ్వరికీ తెలిసేది కాదు. ఇప్పుడు పెంకుటిండ్లు పోయి మేడలు లేచినవి. పెరడు గచ్చయినది. గది గదికీ పలకరాళ్ళు పరచినారు. వీధి తలుపు ఎప్పుడూ మూసే ఉంటున్నది. మట్టిరేణువు కనబడని ఆ ఇంట్లో కూన చేసేదేమి? మెత్తగా, గోళ్ళకు అందేటట్టు ఏది ఉంటే దానిని ఆశ్రయిస్తుంది. అది పరుపు కావచ్చు, విడిచిన బట్టల మూట కావచ్చు, పూలకుండీ కావచ్చు. ఇల్లాలి దృష్టిలో అది నేరం. కూన దృష్టిలో ఆ ఇంట్లో దొరికిన ఇసుక అదే.

కనుక చేయవలసినది కూనకు నేర్పడం కాదు. మనం తీసివేసిన మట్టిని తిరిగి దానికి ఇవ్వడం. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. రెండు మూడు అంగుళాలకు మించని అంచుగల వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టి గాని, రేకు పళ్ళెం గాని చాలు. అంచు ఎత్తయితే కూన ఎక్కలేదు. అందులో రెండంగుళాల మందాన పొడి ఇసుక పోయవలె. ఏటి ఇసుకను జల్లించి, ఎండబెట్టి వాడితే శ్రేష్ఠం. ఇసుక తేమను పీల్చదు గనుక అడుగున పాత వార్తాపత్రికలు పరచడం మంచిది. రంపపు పొట్టు తేమను బాగా పీలుస్తుంది. మన డెల్టాలో ఊకకు కొదువ లేదు గాని, అది నీటిని అంతగా పీల్చదు, గాలికి ఇల్లంతా ఎగురుతుంది. బూడిద మెత్తనిదే, అయితే తడిసిన బూడిదకు క్షారగుణం ఉన్నది, పాదాలకు అంటినదానిని పిల్లి నాకుతుంది. మన నల్లరేగడి ఎండితే గడ్డ, తడిస్తే బంక. అది పత్తికి మేలు గాని పిల్లికి కాదు.

బజారులో అమ్మే తయారీ మట్టికీ ఒక చరిత్ర ఉన్నది. 1947లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఎడ్వర్డ్ లో అనే యువకుని వద్దకు పొరుగింటి ఆమె వచ్చి, పిల్లి తొట్టిలో పోయడానికి ఇసుక అడిగినది. ఆయన ఇసుకకు బదులు, కర్మాగారాలలో ఒలికిన నూనెను పీల్చడానికి తాను అమ్ముతున్న ఎండబెట్టిన బంకమట్టి రేణువులను ఇచ్చినాడు. మన స్త్రీలు ముఖానికి పూసుకునే ముల్తానీ మట్టి ఆ జాతిదే. ఆమె మళ్ళీ మళ్ళీ అదే కావాలన్నది. దానిని అయిదేసి పౌనుల సంచులకెత్తి అమ్మగా గొప్ప పరిశ్రమ అయి కూర్చున్నది. 1984 ప్రాంతంలో తడి తగలగానే గడ్డకట్టే బెంటొనైట్ మట్టి వచ్చినది. పెద్ద పిల్లులకు ఇది సుఖమే. కాని చిన్న కూనలు దేనినైనా నోట పెట్టి చూస్తవి. గడ్డకట్టే మట్టి కడుపులో చేరితే ప్రమాదం. మూడు, నాలుగు నెలలు వచ్చేవరకు దానిని వాడకపోవడమే క్షేమం. పరిమళం కలిపిన రకాలు మన ముక్కుకోసం చేసినవి; పిల్లి ముక్కుకు అవి దుర్భరం.

తొట్టిని ఎక్కడ ఉంచవలెననేది తరువాతి ప్రశ్న. అన్నం పెట్టే చోటికి, నీటి గిన్నెకు దూరంగా ఉండవలె. తినే తావున విసర్జించడానికి పిల్లి మనస్కరించదు. మనుషులు తొక్కిసలాడే నడవలో, చప్పుడుచేసే బట్టల యంత్రం ప్రక్కన కూడదు. అలాగని చీకటి మూలకు నెట్టివేస్తే కూన వెదుకుకోలేదు. కూనను తెచ్చిన కొద్ది దినాలు ఒకే గదిలో ఉంచి, తొట్టి కంటికి కనబడేటట్టు అమర్చి, ఆ తరువాత క్రమంగా ఇల్లంతా తిరగనివ్వవలె. పిల్లులు ఎన్ని ఉంటే అంతకంటే ఒకటి ఎక్కువగా తొట్లు ఉండవలెనని పశువైద్యులు చెప్పే లెక్క. మేడ ఇల్లయితే అంతస్తుకు ఒకటి.

వేళలుకూడా తెలుసుకోవలె. నిద్ర లేవగానే, తిన్న కొద్దిసేపటికి, ఆడి అలసిన వెంటనే కూనకు ఆ అవసరం కలుగుతుంది. నేలను వాసన చూస్తూ గుండ్రంగా తిరిగినా, మూలలు గీకినా అది సూచన. అప్పుడు మెల్లగా ఎత్తి తొట్టిలో దించితే చాలు. దాని ముందుకాలు పట్టి ఇసుకలో గీకించే వారున్నారు. అది కూనను బెదరగొట్టడమే. ఎక్కడైనా పొరపాటు చేస్తే, ఆ మలంలో కొంచెం తెచ్చి తొట్టిలో వేయండి. వాసనయే దానికి దారి చూపుతుంది.

ఇక్కడ మన భాషలోని ఒక వింత చెప్పవలె. సంస్కృతంలో 'శిక్ష' అంటే నేర్పడం. వేదాంగాలలో ఒకదానికి అదే పేరు. ఆ మాట తెలుగులోకి వచ్చి దండన అయి కూర్చున్నది. మాట మారినట్టే మన చేతలూ మారినవి కాబోలు! కూన తప్పుచేసినదని మెడపట్టి, ముక్కును ఆ తడిలో రాచి, రెండు దెబ్బలు వేసేవారు ఇప్పటికీ ఉన్నారు. ఇందువల్ల అది నేర్చుకునేది ఒక్కటే: ఈ మనిషి ఎదుట ఈ పని చేయకూడదు అని. మరునాటినుండి మంచం కిందా, బీరువా వెనుకా చేస్తుంది. ఎప్పుడో జరిగినదానికి ఇప్పుడు కొడితే, ఆ దెబ్బకూ ఆ తప్పుకూ సంబంధమున్నదని ఊహించే శక్తి దానికి లేదు.

పాడైన నేలను శుభ్రం చేయడంలోనూ మన అలవాటు ఒకటి మారవలసి ఉన్నది. వాసన రాగానే మనకు గుర్తుకువచ్చేది ఫినాయిల్. ఆ జాతి ద్రవ్యాలను విరిచి విసర్జించే ప్రక్రియ పిల్లి కాలేయంలో బహు దుర్బలం. నేలమీద తడి పాదాలకు అంటి, పాదాలనుండి నాలుకకు ఎక్కి, అది విషమవుతుంది. బట్టల పెట్టెలలో వేసే కలరా ఉండలూ అటువంటివే. అమోనియా కలిసిన ద్రవాలు మూత్రపు వాసననే జ్ఞప్తికి తెచ్చి, కూనను మళ్ళీ అక్కడికే పిలుస్తవి. ముందు నీటితోనూ సబ్బుతోనూ బాగా కడిగి, ఎంజైములు గల శుభ్రద్రవం దొరికితే అది వాడి, ఆరబెట్టడం ఉత్తమం. పరుపుకు మన గుంటూరు సీమ ఎండను మించిన మందు లేదు.

ఇన్నీ చేసినా కూన తొట్టిని తప్పుతున్నదంటే తప్పు కడుపులో ఉండవచ్చు. పిల్లి అనగానే పాలు పోయడం మనకు పరిపాటి. కాని పాలు మరచిన కూనల కడుపు పాలలోని చక్కెరను అరిగించుకోలేదు. చిక్కని గేదెపాలు తాగించి, విరేచనాలు అయిన తరువాత "ఇది చెప్పినమాట వినదు" అని నిందించడం న్యాయం కాదు. అన్నంలో ఉడికించిన చేపో కోడిమాంసమో కలిపి పెట్టి, త్రాగడానికి నీళ్ళు ఉంచవలె. మాంసం వండని ఇండ్లలో పిల్లులకోసం అమ్మే మేత వాడవలె. తల్లిపాలద్వారా వచ్చే నులిపురుగుల జాతి క్రిములుకూడా విరేచనాలకు కారణమవుతవి. పశువైద్యుడు ఇచ్చే మందుతో పోతవి. ఎదిగిన మగపిల్లి తొట్టిలో కూర్చుని ముక్కుతూ, అరుస్తూ, బొట్టు మూత్రమైనా పోయలేకపోతే, అది అలవాటు దోషం కాదు, మూత్రనాళం మూసుకుపోవడం. ఒకటి రెండు దినాలలో ప్రాణం తీయగలదు. ఆ క్షణమే వైద్యునివద్దకు పరుగెత్తవలె. ఆరు నెలల వయసులో గోడలకు చిమ్మడం మొదలుపెట్టితే అది యౌవనలక్షణం. శస్త్రచికిత్సతో చాలావరకు తగ్గుతుంది.

తొట్టిని ప్రతిదినమూ శుభ్రం చేయడం పిల్లికోసమే కాదు, మనకోసమూ. కొన్ని పిల్లుల మలంలో ఉండే టాక్సోప్లాస్మా అనే క్రిమి బయటపడిన తరువాత కనీసం ఒక దినం గడిచినగాని అంటుకునే శక్తి పొందదు. ఏ పూటకాపూట ఎత్తివేస్తే ఆ భయం దాదాపు లేనట్టే. గర్భవతులు మాత్రం ఆ పని ఇతరులకు వదలవలె. ఎత్తడానికి చిల్లుల గరిటె మిక్కిలి అనువైనది. అయితే అది బూందీ దూసే గరిటె కాకుండా వేరేది కొనుక్కోవలెనని వేరే చెప్పనక్కరలేదు.

ఇంత చిన్న విషయానికి ఇంత విస్తారమెందుకని పాఠకులు అడగవచ్చు. తొట్టెడు ఇసుక లేకపోవడంవల్ల పోతున్నవి ప్రాణాలు. ఇల్లు పాడుచేస్తున్నదని విసిగి, కూనను గోనెసంచిలో వేసి, మూతికట్టి, చీకటిపడ్డాక ఊరిచివర కాలువగట్టునో, సంత దగ్గరనో, గుడి వెనుకనో విడిచివచ్చే ఆచారం మన పల్లెలలో పాతది. పిల్లి తన పిల్లలను ఏడిండ్లు తిప్పుతుందని సామెత. తల్లి తిప్పేది బ్రతికించడానికి. మనం విడిచేది చావడానికి. ఎలుకను పట్టడం ఇంకా రాని నెలన్నర కూన ఆ గట్టుమీద కుక్కలకు చిక్కుతుంది, లేదా ఆకలికి మాడుతుంది. సహేతుకమైన కారణం లేకుండా జంతువును ఆకలిదప్పుల పాలుచేసి విడిచిపెట్టడం 1960నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమనికూడా చాలామందికి తెలియదు.

కూనను తేదలచినవారు ఎనిమిది వారాలు తల్లివద్దనే ఉండనిచ్చి తేవలె. తెచ్చే ముందునాడే ఇంట్లో తొట్టి, ఇసుక సిద్ధం చేసుకోవలె. పండ్రెండు వారాల లోపల సరియైన తావు చూపిన కూన సాధారణంగా జీవితాంతం ఆ తావును మరువదు. మార్జాలమనే పేరు దానికి పెద్దలు ఊరక పెట్టలేదు. ఆ పేరు నిలబెట్టుకునే అవకాశం ఇవ్వడం ఒక్కటే మనవంతు.