ఆరుబయట విలువిద్యా సాధన: పాటించవలసిన చట్ట నిబంధనలు

(ప్రత్యేక వ్యాసం)

విలువిద్య మన రాష్ట్రానికి కొత్త కాదు. నల్లమల చెంచులకు, మన్యం గిరిజనులకు విల్లంబులు తరతరాల జీవన సాధనాలు. మరోవైపు ఆధునిక విలువిద్యా క్రీడకు విజయవాడ ప్రముఖ శిక్షణ కేంద్రంగా పేరు పొందినది. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ కాంపౌండ్ విభాగంలో 3 స్వర్ణ పతకాలు సాధించారు. అదే నగరానికి చెందిన బొమ్మదేవర ధీరజ్ రికర్వ్ పురుషుల జట్టు సభ్యునిగా రజత పతకం అందుకొన్నారు. ఇట్టి విజయాలు యువతను ఈ క్రీడ వైపు ఆకర్షించడం సహజం.

శిక్షణ మైదానాలు అందుబాటులో లేనిచోట కొందరు తోటలలోను, చెరువు గట్ల వెంబడి, అడవి అంచులలోను సాధన చేయాలనుకొంటారు. జంతువులను వేటాడడం లేదు కదా, గురి మాత్రమే చూసుకొంటున్నాము, దీనికి చట్టంతో పని ఏమిటన్న ప్రశ్న వారి నుండి వినవస్తుంది. విల్లు ఏ నేలపై ఉన్నది, వదిలిన బాణం ఎక్కడ పడగలదు అనే రెండు అంశాలను బట్టి ఈ ప్రశ్నకు సమాధానం మారుతుంది. క్షేత్రస్థాయి అధికారులకు, పాత్రికేయులకు ఉపయుక్తంగా ఉండగలదన్న ఉద్దేశంతో సంబంధిత నిబంధనలను ఇక్కడ వివరించడమైనది.

వేటకు అనుమతించిన కాలం లేదు

కొన్ని పాశ్చాత్య దేశాలలో ఏటా నిర్ణీత మాసాలలో లైసెన్సుపై వేటకు అనుమతి ఉంటుంది. మిగిలిన మాసాలలో విల్లు పట్టుకొని అడవికి వెళ్లేవారు తాము వేటకు రాలేదని నిరూపించుకోవలసిన పరిస్థితులు అక్కడ తలెత్తుతుంటాయి. మన దేశంలో అట్టి విభజన లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో కొన్ని జంతువుల వేటకు లైసెన్సులు మంజూరు చేసే అవకాశం కల్పించినప్పటికీ, 1991లో జరిగిన సవరణతో ఆ విధానం రద్దయినది. ప్రస్తుతం చట్టంలోని 9వ సెక్షను ప్రకారం 1, 2 షెడ్యూళ్లలోని వన్యప్రాణుల వేట సంవత్సరం పొడవునా నిషిద్ధం.

వేట అనే పదానికి చట్టం ఇచ్చిన అర్థం విస్తృతమైనది. చంపడం మాత్రమే గాక గాయపరచడం, పట్టుకోవడం, తరమడం, ఎరవేయడం, చంపడానికి లేదా పట్టుకోవడానికి ప్రయత్నించడం సైతం వేట కిందికే వస్తాయి. పక్షి గూళ్లను, గుడ్లను కదిలించడం కూడా అందులో చేరి ఉన్నది. కావున సాధనకు వెళ్లిన వ్యక్తి సరదాకైనా కొమ్మపై ఉన్న నెమలికి గురిపెట్టి బాణం వదిలినచో, అది తగలకపోయినా వేటకు ప్రయత్నించినట్లే అవుతుంది.

ప్రాణాపాయ స్థితిలో తన రక్షణకు లేదా మరొకరి రక్షణకు సద్భావంతో వన్యప్రాణిని గాయపరచడం లేదా చంపడం నేరం కాదని 11వ సెక్షను స్పష్టం చేస్తున్నది. అయితే ఆ సమయంలో సదరు వ్యక్తి చట్టాన్ని ఉల్లంఘించే మరే పనిలోను ఉండరాదు. పంటలకు నష్టం కలిగించే జంతువుల విషయంలో ఇచ్చే అనుమతులు సైతం ఉత్తర్వులో పేర్కొన్న ప్రాంతానికి, షరతులకు మాత్రమే పరిమితం. వాటిని ఆధారం చేసుకొని విలువిద్యా సాధకులు అడవి పందులపై బాణాలు వేయరాదు.

విల్లుకు లైసెన్సు అవసరమా?

1959 నాటి ఆయుధాల చట్టంలోని 3వ సెక్షను కింద లైసెన్సు తప్పనిసరి చేసినది తుపాకుల వంటి పేలుడు ఆయుధాలకు, వాటి మందుగుండుకు మాత్రమే. విల్లు ఆ కోవలోనికి రాదు. అయితే ప్రజా ప్రయోజనం దృష్ట్యా అవసరమని భావించినప్పుడు, ఏదైనా ప్రాంతంలో ఇతర ఆయుధాలకు సైతం లైసెన్సు తప్పనిసరి చేస్తూ కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషను జారీ చేయడానికి 4వ సెక్షను వీలు కల్పిస్తున్నది.

శాంతిభద్రతల దృష్ట్యా భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 163వ సెక్షను కింద మేజిస్ట్రేటులు నిషేధాజ్ఞలు జారీ చేయవచ్చును. 2024 జూలై 1వ తేదీకి పూర్వం ఇదే అధికారం 144వ సెక్షనుగా అందరికీ సుపరిచితం. ఎన్నికలు, ఊరేగింపులు, ఉద్రిక్తతల సమయంలో వెలువడే ఈ ఆజ్ఞలలో ఆయుధాలు వెంట ఉంచుకోరాదన్న షరతు తరచుగా ఉంటుంది. కావున అట్టి రోజులలో సాధనకు బయలుదేరే ముందు స్థానిక పోలీసు స్టేషనులో విచారించుకోవడం, క్రీడా సంఘం ఇచ్చిన గుర్తింపు పత్రం వెంట ఉంచుకోవడం, విల్లును విడదీసి సంచిలో భద్రపరచి తీసుకువెళ్లడం శ్రేయస్కరం.

అభయారణ్యంలో విల్లు చేతనుండుటే నేరం

సాధకులు ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన నిబంధన ఇది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆయుధం అనే పదానికి ఇచ్చిన నిర్వచనంలో విల్లు, బాణాలు పేరుతో సహా చేర్చబడినవి. చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెను లేదా అధీకృత అధికారి నుండి ముందస్తు లిఖితపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలో ప్రవేశించరాదని 31వ సెక్షను నిర్దేశిస్తున్నది. జాతీయ ఉద్యానవనాలకు కూడా ఇదే నిబంధన వర్తిస్తుంది. బాణం వదలకపోయినా, జంతువు కంటపడకపోయినా ఉల్లంఘన జరిగినట్లే.

అభయారణ్యం అనగానే దట్టమైన అడవి మనసులో మెదలుతుంది. వాస్తవం అన్నివేళలా అలా ఉండదు. 1999లో ప్రకటించిన కొల్లేరు అభయారణ్యం పరిధిలో సరస్సు, గ్రామాలు కలిసి ఉన్నవి. కంబాలకొండ అభయారణ్యం విశాఖపట్నం నగరాన్ని ఆనుకొని ఉన్నది. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం తిరుమల కొండలను ఆవరించి ఉన్నది. పొరుగు రాష్ట్రమైన తెలంగాణ రాజధాని హైదరాబాదులో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం నగరం నడుమనే కలదు. చెట్లు పలుచగా ఉన్నవనో, ఊరు దగ్గరనో భావించి సాధనకు ఉపక్రమించరాదు. సరిహద్దుల విషయంలో సందేహం ఉన్నచో ఫారెస్టు రేంజి కార్యాలయంలో నిర్ధారించుకోవలెను.

దోర్నాల నుండి శ్రీశైలం వెళ్లే రహదారి పులుల అభయారణ్యం గుండా సాగుతుంది. రహదారిపై ప్రయాణానికి చట్టంలో వెసులుబాటు ఉన్నది గాని, ఆయుధంతో ప్రవేశానికి సంబంధించిన 31వ సెక్షనులో ప్రయాణికులకు ప్రత్యేక మినహాయింపు లేదు. పోటీలకు వెళ్లే క్రీడాకారులు వేరొక మార్గం ఎంచుకోవడమో, ముందుగా లిఖితపూర్వక అనుమతి పొందడమో ఉత్తమం.

అభయారణ్యాల వెలుపల ఉన్న రిజర్వు అడవులకు 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వర్తిస్తుంది. అక్కడ అనుమతి లేని ప్రవేశం, వేట శిక్షార్హం.

గిరిజన సంప్రదాయం, చట్టం

మన్యంలో చైత్రమాసంలో జరిగే ఇటుకల పండుగ నాడు పురుషులు విల్లంబులు ధరించి అడవికి వెళ్లడం ఆనవాయితీ. 2006 నాటి అటవీ హక్కుల చట్టం గిరిజనుల సంప్రదాయ హక్కులను గుర్తించినది. అయితే వన్యప్రాణులను వేటాడే, ఉచ్చుపెట్టి పట్టే సంప్రదాయ హక్కును మాత్రం 3వ సెక్షనులోనే స్పష్టంగా మినహాయించినది. వన్యప్రాణి చట్టంలో వేట హక్కుకు రక్షణ లభించినది నికోబార్ దీవులలోని షెడ్యూల్డు తెగలకు మాత్రమే.

పండుగను చట్టం నిషేధించడం లేదు. విల్లును పూజించడం, ఊరిలో గురిపోటీలు నిర్వహించడం నేరం కాదు. పండుగకు ముందే అటవీ సిబ్బంది గ్రామ పెద్దలతో సమావేశమై, గడ్డిబొమ్మలపై గురిపోటీల వంటి ప్రత్యామ్నాయాలను చర్చించినచో సంప్రదాయం నిలుస్తుంది, వన్యప్రాణులూ రక్షింపబడతాయి, యువకులు కేసుల పాలు కాకుండా ఉంటారు. అభయారణ్యం లోపలి గూడేలలో నివసించే చెంచు కుటుంబాలకు 31వ సెక్షను గురించి వారి భాషలో, ఓపికతో తెలియజెప్పవలసిన బాధ్యత కూడా సిబ్బందిపై ఉన్నది.

సొంత భూమిలో సాధన: బాధ్యతలు

సొంత పొలంలోను, యజమాని అనుమతి పొందిన స్థలంలోను లక్ష్య ఫలకంపై సాధన చేయడానికి అభ్యంతరం లేదు. పాఠశాల మైదానమైనచో ప్రధానోపాధ్యాయుని, పంచాయతీ స్థలమైనచో పంచాయతీ అనుమతి ముందుగా పొందవలెను. అనుమతి లేని ప్రవేశం, సందర్భాన్ని బట్టి, భారతీయ న్యాయ సంహితలోని 329వ సెక్షను కింద నేరం కావచ్చును.

ఒలింపిక్ రికర్వ్ పోటీలలో లక్ష్యం 70 మీటర్ల దూరంలోను, కాంపౌండ్ పోటీలలో 50 మీటర్ల దూరంలోను ఉంటుంది. గురి తప్పిన బాణం లక్ష్యాన్ని దాటి చాలా దూరం పోగలదు. అందువలన లక్ష్యం వెనుక ఎత్తయిన మట్టికట్ట లేదా తగినంత ఖాళీ స్థలం ఉండవలెను. ఆ దిశలో బాట, పశువుల మేత, నివాసం ఉండరాదు. నిర్లక్ష్యంతో ఇతరుల ప్రాణానికి, భద్రతకు ముప్పు కలిగించినచో న్యాయ సంహిత 125వ సెక్షను కింద 3 నెలల వరకు జైలు లేదా 2,500 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చును. తీవ్ర గాయమైనచో జైలు శిక్ష 3 సంవత్సరాల వరకు ఉండవచ్చును. నిర్లక్ష్యం మరణానికి దారితీసినచో 106వ సెక్షను కింద 5 సంవత్సరాల వరకు జైలు, జరిమానా ఉంటాయి.

అంతర్జాతీయ పోటీలలో పాటించే ఈల సంకేతాలను సాధనలోను పాటించవచ్చును. 2 ఈలలకు గీత వద్దకు రావడం, 1 ఈలకు బాణాలు వేయడం, 3 ఈలలకు బాణాలు తెచ్చుకోవడం ఆ పద్ధతి. 5 ఈలలు వినిపించినచో ప్రమాద సూచనగా భావించి తక్షణం ఆపివేయవలెను. పొరపాటున జారినా బాణం హద్దు దాటే విధంగా వింటిని పైకెత్తి లాగరాదన్నది మరొక ముఖ్య నియమం.

కేసు నమోదులో, వార్తా రచనలో జాగ్రత్త

2022 సవరణ అనంతరం వన్యప్రాణి చట్టం కింద సాధారణ ఉల్లంఘనకు 3 సంవత్సరాల వరకు జైలు లేదా 1 లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చును. నేరం 1వ షెడ్యూలు జంతువుకు సంబంధించినదైనా, వేట అభయారణ్యంలో లేదా జాతీయ ఉద్యానవనంలో జరిగినదైనా కనీస శిక్ష 3 సంవత్సరాలు, గరిష్ఠ శిక్ష 7 సంవత్సరాలు. దీనికి తోడు 25,000 రూపాయలకు తగ్గని జరిమానా ఉంటుంది.

అభయారణ్యంలోనికి విల్లు తీసుకువెళ్లడం ఒక నేరం, వేటాడడం వేరొక నేరం. మొదటిదానికి కనీస శిక్ష నిర్దేశింపబడలేదు. రెండవదానికి 3 సంవత్సరాలకు తగ్గని జైలు. చేతిలో విల్లు ఉన్నదన్న ఒక్క కారణంతో వేట కేసు నమోదు చేసినచో అమాయకుని భవిష్యత్తు దెబ్బతింటుంది. వేట ఆనవాళ్లు ఉండగా ఆయుధ ప్రవేశంగా మాత్రమే నమోదు చేసినచో అసలు నేరస్తుడు తప్పించుకొంటాడు. స్థలం సరిహద్దు, బాణం పడిన చోటు, గురిపెట్టిన వస్తువు, రక్తపు మరకలు, ఉచ్చులు వంటి ఆధారాలను పంచనామాలో స్పష్టంగా నమోదు చేయవలెను. నిర్బంధించిన వ్యక్తిని, స్వాధీనం చేసుకొన్న వస్తువులను వెంటనే మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలని 50వ సెక్షను ఆదేశిస్తున్నది.

పాత్రికేయ మిత్రులు సైతం విల్లుతో పట్టుబడిన ప్రతి వ్యక్తిని వేటగాడుగా పేర్కొనకుండా, నమోదైన సెక్షనును పరిశీలించి నేర స్వభావాన్ని యథాతథంగా పాఠకులకు తెలియజేయవలసినదిగా విజ్ఞప్తి. చెంచు యువకుని విల్లుకు, క్రీడాకారిణి విల్లుకు, వేటగాని విల్లుకు మధ్య గల వ్యత్యాసాన్ని ప్రజలు గ్రహించినప్పుడే వన్యప్రాణి సంరక్షణకు, విలువిద్యా క్రీడకు సమానంగా మేలు చేకూరుతుంది.