నడకలోని తేడాను చూపే చిన్న పరికరం

"డాక్టరు గారి ముందు బాగానే నడుస్తుంది సిస్టర్, ఇంటికి వెళ్ళాక మాత్రం మంచం దిగదు." మల్టిపుల్ స్క్లిరోసిస్ ఉన్నవారి ఇంటివాళ్ళు మాతో తరచు అనే మాట ఇది. అది బద్ధకం కాదు, నటన అంతకన్నా కాదు. అదీ జబ్బు లక్షణమే.

కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్లే నరాలకు మైలిన్ అనే పొర ఉంటుంది. ఈ జబ్బులో మన రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాములలోని ఆ పొరను దెబ్బతీస్తుంది. మెదడు పంపిన కబురు కాళ్ళకు సరిగా చేరదు. కాలు ఈడ్చడం, తూలడం, కండరాలు బిగుసుకోవడం, త్వరగా అలసిపోవడం కనిపిస్తాయి. ఎండలోనూ, జ్వరంలోనూ ఇవి ఎక్కువ కావచ్చు.

ఆసుపత్రిలో సాధారణంగా 25 అడుగుల దూరం నడిపించి, ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. మంచి పరీక్షే. కాని ఉదయం చల్లని గదిలో బాగా నడిచినవారే సాయంత్రం వంటింటి గడప దగ్గర తడబడవచ్చు. ఆ తేడా ఈ పరీక్షలో కనిపించకపోవచ్చు.

సెన్సర్ ఏమి చేస్తుంది?

ఈ చిన్న పరికరాన్ని నడుముకో, చీలమండకో, మణికట్టుకో పట్టీతో కడతారు. సూది గుచ్చరు, షాకు కొట్టదు. శరీరం కదిలే తీరును అది నమోదు చేస్తుంది. దాని నుండి అడుగుకు పట్టే సమయం, కుడి ఎడమ కాళ్ళ తేడా, తూలడం, మలుపు తిరగడం, రోజుకు వేసే అడుగులు కంప్యూటరు లెక్కకడుతుంది. మందులు, వ్యాయామం ఎంతవరకు పనిచేస్తున్నాయో, చేతికర్ర అవసరమో కాదో నిర్ణయించడానికి ఈ లెక్కలు తోడ్పడతాయి. జబ్బును నిర్ధారించడానికి మాత్రం ఎం.ఆర్.ఐ. వంటి పరీక్షలే కావాలి.

మీరు చేయవలసినవి

• పరికరం కట్టిన రోజుల్లో "ఇంకా నడువు" అని తొందరపెట్టకండి. రోజూ నడిచినట్లే నడవనివ్వండి.
• చెప్పిన చోటనే, చెప్పిన కాలికే కట్టండి. స్నానానికి తీయాలో వద్దో ముందే అడగండి.
• తూలిన వేళ, పడిన చోటు, జ్వరం వచ్చిన రోజు ఒక కాగితం మీద రాసి ఉంచండి.

ఈ పరికరాలు అన్ని ఆసుపత్రులలో ఉండవు. దిగులుపడకండి, మీ కళ్ళు ఉన్నాయి. ఒక చెప్పు ముందుభాగం మాత్రమే అరిగిపోవడం, కాలినుండి చెప్పు జారిపోవడం, గోడ పట్టుకుని నడవడం గమనించి డాక్టరుకు చెప్పండి. నడక ఉన్నట్టుండి తగ్గి, ఒక రోజు గడిచినా కుదుటపడకపోతే ఆలస్యం చేయకుండా తీసుకురండి.

పడి ఎముక విరిగిన తరువాత బాధపడేకన్నా, అడుగు తడబడినప్పుడే గుర్తించడం మేలు.